నాన్నగారి స్లైడ్లు, ఒక లైట్ ప్యాడ్: నాలుగేళ్ళ వాడకం తర్వాత

ఇంట్లో పాత స్లైడ్లు, అంటే అట్ట చట్రంలో బిగించి ప్రొజెక్టరుతో గోడ మీద చూసే ఫిల్ము ముక్కలు, ఉన్నాయని చెప్పేవాళ్ళందరూ నన్ను అడిగే మొదటి ప్రశ్న, ఏ స్కానర్ కొనాలని. నా జవాబు ఒకటే. ఇప్పుడే స్కానర్ కొనకండి. ముందు ఒక ఎల్‌ఈడీ లైట్ ప్యాడ్ (లోపలి నుంచి వెలిగే పలుచని పలక), ఒక మంచి భూతద్దం కొనుక్కోండి. నాకు ప్యాడ్ 1,800 రూపాయలు, భూతద్దం 900 పడ్డాయి. వాటికంటే ముందు 28 వేలు పోసి స్కానర్ కొన్న తెలివితక్కువతనం నాది కాబట్టి ఈ మాట చెప్పే హక్కు నాకుంది.

మా నాన్నగారు కాకినాడలో వృక్షశాస్త్రం లెక్చరర్. 1968 నుంచి 1988 దాకా తీసిన స్లైడ్లు మూడు ట్రంకు పెట్టెల నిండా ఉన్నాయి. సగం పాఠాల కోసం తీసినవి: ఆకులు, పూలు, కోరంగి మడ అడవులు. మిగతా సగం మేము, చుట్టాలు, గోదావరి, గుళ్ళు. ఆయన పోయిన ఏడాదికి పెట్టెలు హైదరాబాదులో మా ఇంటికి చేరాయి. లెక్కపెడితే 2,846.

మొదటి మూడు నెలలూ చేతికి వచ్చింది వచ్చినట్టు స్కాన్ చేశాను. నాది పైమూతలో దీపం ఉండే ఫ్లాట్‌బెడ్ రకం. దాని చట్రంలో ఒకసారికి నాలుగు స్లైడ్లు పడతాయి. దుమ్ము తొలగించే ఏర్పాటు కూడా వాడితే ఆ నాలుగింటికి పదిహేను నిమిషాలు. అంటే మొత్తం పెట్టెలకు 712 విడతలు, 178 గంటలు. ఆ లెక్క నేను వేసింది 430 స్లైడ్లు అయిపోయాక. ముందే వేసుకోవాల్సింది.

గంటల మాట అలా ఉంచితే, ఆ 430 ఫైళ్ళనూ కంప్యూటర్లో చూస్తూ ఒక్కటీ తీసేయలేకపోయాను. తెర నిండా వచ్చిన ప్రతి బొమ్మా ముఖ్యమైనదిగానే కనిపిస్తుంది. పైగా అంత సేపు పట్టి స్కాన్ చేసిన దాన్ని తుడిచేయడానికి చెయ్యి రాదు. అదే లైట్ ప్యాడ్ మీద ఇరవై స్లైడ్లు పక్కపక్కన పరిస్తే, చూడగానే రెండో మూడో కంటికి ఎదురొస్తాయి. మిగిలినవి ఎందుకు రాలేదో భూతద్దం పెట్టి చూస్తే తెలుస్తుంది. ఒకటి చెయ్యి కదిలి మసకబారింది, ఒకదానిలో అందరి కళ్ళూ మూసుకున్నాయి, మరొకటి దాని పక్కదానికే నకలు. గంటకు వంద చొప్పున చూడగలిగాను. రాత్రి భోజనాలయ్యాక రోజుకో గంట కూర్చుంటే నెల రోజుల్లో మొదటి వడపోత పూర్తయింది.

ఇక ప్యాడ్ సంగతి. నాది ఏ4 సైజు. బొమ్మలు దిద్దుకునేవాళ్ళ కోసం అమ్మేదే తప్ప ఫోటోల కోసం చేసింది కాదు. వెలుగును మూడు మెట్లుగా మార్చుకోవచ్చు, నేను ఎప్పుడూ నడిమి మెట్టే వాడతాను. స్లైడును నేరుగా దాని మీద పెట్టి భూతద్దంలో చూస్తే, పలక లోపలి చుక్కల వరసలు బొమ్మతో కలిసి కనిపించి చిరాకు పెడతాయి. పాత ఫోటో ఫ్రేము గాజును నాలుగు మూలలా సీసా మూతల మీద నిలబెట్టి, స్లైడ్లు ఆ గాజు మీద పరిచాను. చుక్కలు మాయం. ఎరుపు రంగులు ఈ వెలుగులో కాస్త చప్పగా ఉంటాయి కాబట్టి, ఎర్ర చీర వెలిసిపోయిందని తీర్మానించే ముందు ఒకసారి కిటికీ దగ్గర పగటి వెలుగులో చూడండి. రెండేళ్ళకు తీగ గుచ్చే చోట వదులైపోయింది. ఇప్పుడు తీగను రబ్బరు బ్యాండుతో ఒక కోణంలో వంచి కడితేనే వెలుగుతుంది. ఆ ధరకు ఇంతకంటే ఆశించలేదు.

భూతద్దం విషయంలో ఒక తప్పు చేశాను. ఎక్కువ పెద్దదిగా చూపిస్తుందని, కంసాలులు వాడే పది రెట్ల భూతద్దం తెచ్చాను. అందులో ఒక ముక్కు, ఒక కన్ను తప్ప మనిషి కనిపించడు. స్లైడులో బొమ్మ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. ఆ మొత్తం ఒక్కసారిగా కనిపించే నాలుగైదు రెట్లది, స్లైడు మీద నిలబెట్టుకునే రకం కావాలి.

స్కానర్ కంటే ప్యాడ్ మేలనడానికి ఇంకో కారణం ఉంది. నాకు అన్నిటికంటే పెద్ద కారణం అదే. స్కానర్ బొమ్మను మాత్రమే చూస్తుంది, చుట్టూ ఉన్న అట్టను చూడదు. ఆ అట్ట మీదే అసలు కథ ఉంటుంది. కోడాక్ అట్టల మీద ఫిల్ము కడిగిన నెల, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి. నాన్నగారు పక్కన సన్నని అక్షరాలతో మొక్క పేరు, ఊరు రాసేవారు. ఎడమవైపు కింది మూలన ఒక చుక్క పెట్టేవారు. స్లైడును తలకిందులుగా ప్రొజెక్టరు ట్రేలో పెట్టేటప్పుడు ఆ చుక్క కుడివైపు పై మూలకు వచ్చిందంటే తెర మీద బొమ్మ సరిగ్గా పడుతుందన్న మాట. ఆ చుక్కలు పట్టించుకోని రోజుల్లో నేను స్కాన్ చేసిన వాటిలో కాకినాడ టౌన్ స్టేషన్ బోర్డు అద్దంలో చూసినట్టు తిరగబడి వచ్చింది. ఇప్పుడు దాచదలచుకున్న ప్రతి స్లైడునూ ముందు అట్టతో సహా, రెండు వైపులా ఫోనులో ఫోటో తీసుకుంటున్నాను.

ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న దగ్గర మా ఇంట్లో యుద్ధమే జరిగింది. గోదావరి మీద సూర్యాస్తమయాలు 64 ఉన్నాయి. విశాఖపట్నం నుంచి అక్క వచ్చి ఒక్కటీ తీయడానికి వీల్లేదంది. సూర్యుడు రోజూ అస్తమిస్తాడు కదే, అన్నాను. నాన్న రోజూ తీయరు కదరా, అంది. చివరకు ఒకటి నేను ఉంచాను. అందులో రాజమండ్రి పాత వంతెన మీద బొగ్గు ఇంజను పొగ వదులుతూ పోతోంది. 1900లో మొదలైన ఆ వంతెన మీద 1997లో రైళ్ళు ఆగిపోయాయి. ఇక అలాంటి స్లైడు ఎవరూ తీయలేరు. మిగతా 63 అక్క తీసుకెళ్ళింది. వాటిని ఏం చేసిందో నేను అడగలేదు.

మొక్కల స్లైడ్లలో పని తేలికైంది. మందార పువ్వు దగ్గరి బొమ్మ ఇవాళ ఎవరి ఫోనులోనైనా ఇంతకంటే బాగా వస్తుంది. అలాంటివి నిర్దాక్షిణ్యంగా తీసేశాను. ఊరు, తేదీ రాసి ఉన్నవి మాత్రం బాగా రాకపోయినా ఉంచాను. కోరంగిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. నాన్నగారు పడవలో తిరిగి తీసినవి 1974 నాటివి. తెల్ల మడ, నల్ల మడ, పొన్న, తిల్ల పక్కపక్కన ఉన్న కాలువ గట్లు, బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేర్లు. తిల్ల చెట్టు స్లైడు అట్ట మీద “పాలు కళ్ళలో పడరాదు” అని ఎర్ర సిరాతో రాసి ఉంది. అది విద్యార్థుల కోసమో, పడవ నడిపినాయన కోసమో తెలియదు గానీ, ఆ ఒక్క వాక్యం కోసమైనా దాన్ని తీసేయను.

నాన్నగారు ప్రతి దృశ్యాన్నీ మూడుసార్లు తీసేవారు. ఒకటి సరైన వెలుతురుతో, ఒకటి తగ్గించి, ఒకటి పెంచి. మూడింటిలో ఒకటే ఉంచాలని నియమం పెట్టుకున్నాను. మొదట్లో ప్యాడ్ మీద తేటగా మెరిసేదాన్ని ఎంచుకునేవాణ్ణి. అది పొరపాటు. స్లైడు ఫిల్ములో వెలుతురు ఎక్కువైన చోట రంగు ఇక లేనట్టే, అక్కడ మిగిలేది ఖాళీ ఫిల్ము. ముదురుగా ఉన్నదాని నీడల్లోంచి ఎంతో కొంత పైకి తీయవచ్చు. ఆకాశం, తెల్ల చొక్కాలు, నీటి మీద మెరుపు చూసి, అవి చెక్కుచెదరకుండా ఉన్నదాన్ని ఉంచుకోండి.

ఇలా నియమాల మీద నియమాలు పెట్టుకుని నేను గర్వంగా కూర్చున్న రోజున అమ్మ పక్కన కుర్చీ వేసుకుంది. ఆవిడకు 81. భూతద్దం ఆవిడకు నచ్చలేదు, కళ్ళజోడు పైకి జరిపి స్లైడును ముక్కుకు ఆనించుకుని చూస్తుంది. నేను తీసేసిన కుప్పలోంచి ఒకటి పైకి తీసింది. మా మేడ మీద నుంచి తీసిన ఖాళీ రోడ్డు. వెలుతురు చాలక చీకటిగా ఉంది, మనుషులు లేరు, దుకాణాల తలుపులు మూసి ఉన్నాయి, ఒక రిక్షా మాత్రం మనిషి లేకుండా పక్కకు వాలి ఉంది. దీన్ని చూసిన పావు నిమిషంలో పారేశాను.

“ఒరే, ఇది గ్రహణం రోజు రా,” అంది.

అట్ట తిప్పి చూస్తే “మార్చి 80” అని అచ్చు. పెన్సిలుతో “సా. 4” అని నాన్నగారి రాత. 1980 ఫిబ్రవరి 16 నాటి సూర్యగ్రహణం అది. సంపూర్ణ గ్రహణం దారి తెలంగాణ మీదుగా, రంగాపూర్ వేధశాల మీదుగా సాగింది. కాకినాడలో పాక్షికమే. అయినా ఊరు ఊరంతా తలుపులు వేసుకుంది. నన్నూ అక్కనూ గదిలో పెట్టి గడియ వేసిందట అమ్మ. నాన్నగారు మాత్రం కెమెరా పట్టుకుని మేడ ఎక్కారు. “గర్భిణీ స్త్రీని కాదు కదా నేను, అన్నారు” అని చెప్పి నవ్వింది. ఆయన సూర్యుణ్ణి కాకుండా రోడ్డును తీశారు. వెలుతురు చాలకపోవడం ఆయన తప్పు కాదు, వెలుతురే లేదు.

ఆ తర్వాత తీసేసిన కుప్పంతా అమ్మ చేతి మీదుగా మళ్ళీ వెళ్ళింది. రెండో వడపోత ఆరు నెలలు ఆగి చేశాను. చివరికి మిగిలినవి 612. స్కాన్ చేయడానికి 153 విడతలు, 38 గంటలు. ఇది మనిషి చేయగలిగిన పని.

స్కానర్ గురించి క్లుప్తంగా. పెట్టె మీద 6400 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు) అని ఉంది. నా కళ్ళకు 2400 దాటాక ఫైలు బరువు పెరిగింది తప్ప ఆకు మీద ఈనె ఒక్కటీ అదనంగా కనిపించలేదు. 2400 దగ్గర సుమారు 77 లక్షల పిక్సెళ్ళు వస్తాయి, ఏ4 అచ్చుకు చాలు. పరారుణ కాంతితో దుమ్మును పసిగట్టి చెరిపే ఏర్పాటు మామూలు స్లైడ్ల మీద అద్భుతం, కోడాక్ వాళ్ళ కోడాక్రోమ్ అనే ఫిల్ము మీద మాత్రం వాడకండి. ఆ ఫిల్ము పరారుణాన్ని కూడా కొంత అడ్డుకుంటుంది కాబట్టి, కనురెప్పలను, జడ అంచులను దుమ్మనుకుని నున్నగా చెరిపేస్తుంది. వాటికి రబ్బరు బుడ్డితో గాలి కొట్టడం, ఓపికగా చేత్తో దిద్దడమే.

కోడాక్రోమ్ గొప్పతనం మాత్రం ప్యాడ్ మీద చూసి తీరాలి. అమెరికా నుంచి వచ్చే చుట్టాలు తెచ్చిచ్చిన కొద్ది రోల్స్ అవి. రంగులు ఫిల్ములో ముందే ఉండవు, కడిగేటప్పుడు వేస్తారు. అందుకే దాన్ని కడగడం మామూలు స్టూడియో పని కాదు. ఆ ఫిల్మును కడిగే చివరి లాబ్, అమెరికాలో కాన్సస్ రాష్ట్రం పార్సన్స్‌లో ఉండేది, 2010 డిసెంబరు 30 తర్వాత ఆ రోల్స్ తీసుకోవడం ఆపేసింది. చీకట్లో ఉంచితే ఈ ఫిల్ము రంగు దశాబ్దాలు నిలుస్తుంది. 1972 నాటి అమ్మ పట్టు చీర అంచు ఇప్పటికీ అంచులాగే ఉంది. అదే పెట్టెలో పక్కనే ఉన్న మరో చవక ఫిల్ములో మా అక్క పుట్టినరోజు మొత్తం గులాబీ రంగుకు తిరిగింది. కానీ కోడాక్రోమ్‌కు ప్రొజెక్టరు వెలుగు పడదు, త్వరగా వెలుస్తుంది. అమ్మ గోడ మీద చూస్తానంటే ఒక్క సాయంత్రం వేశాను. అంతే, మళ్ళీ వేయలేదు.

సముద్రం ఒడ్డు ఊరు కాబట్టి బూజు సంగతి చెప్పక తప్పదు. సాలెగూడు పోగుల్లాంటి తెల్లని దారాలు ఫిల్ము మీద రంగులుండే జెలటిన్ పొరను తినేస్తాయి. అలా తిన్న చోట జెలటిన్ నీటిలో కరుగుతుంది. నాకది తెలియదు. మొదటి వారంలోనే తడి గుడ్డతో ఒక స్లైడు తుడిచాను. కోరంగి ఆకుపచ్చ అంతా గుడ్డకు వచ్చింది, స్లైడులో ఒక తెల్ల మచ్చ మిగిలింది. నీరు వద్దు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది ముంచి, మెల్లగా, ఒకే దిశలో. బూజు పోతుంది, అది తిన్న గీత పోదు. గాజు పలకల మధ్య బిగించిన స్లైడ్లలో తేమ చిక్కుకుని మరీ పాడైపోయాయి. వాటిని విప్పి ప్లాస్టిక్ చట్రాల్లోకి మార్చాను. ఉంచుకున్న 612నూ ఒక్కో దానిలో ఇరవై పట్టే పాలిప్రొపిలీన్ షీట్లలో, 31 షీట్లలో, సిలికా జెల్ సంచులతో పెట్టాను. నీలం సంచి గులాబీకి తిరిగితే మార్చాలి. మెత్తని పీవీసీ కవర్లు చవకే గానీ కాలక్రమేణా ఫిల్ముకు అంటుకుంటాయి.

మడ అడవుల నకళ్ళను ఒక కాలేజీ వృక్షశాస్త్ర విభాగం తీసుకుంది. ఇంకా తేలనివి 37 ఉన్నాయి, విడి కవరులో. అందులో ఉన్నవాళ్ళెవరో అమ్మకు కూడా తెలియదు. నాన్నగారి వైపు వాళ్ళే అయి ఉంటారంది. సామర్లకోటలో మా పెద్దత్తయ్య ఉంది, తొంభై దాటాయి. ఫోనులో చూపిస్తే వేలితో తెరను అటూ ఇటూ తోసి, కనపడటం లేదురా, అంటుంది. సంక్రాంతికి వెళ్ళేటప్పుడు ప్యాడ్, గాజు, సీసా మూతలు, రబ్బరు బ్యాండు సంచిలో పెట్టుకోవాలి. పవర్ బ్యాంకుతో కూడా వెలుగుతుంది, కరెంటు పోయినా ఇబ్బంది లేదు.