న్యూషాటెల్‌లో రాసే కుర్రాడి కోసం ఇంకో రాత్రి ఉన్నాం

ట్రావెల్ ఏజెంట్ ఇచ్చిన ప్రోగ్రామ్ కాగితంలో "శనివారం మధ్యాహ్నం: న్యూషాటెల్ మ్యూజియంలో మరబొమ్మల ప్రదర్శన" అని స్పష్టంగా ఉంది. శనివారం మధ్యాహ్నం రెండున్నరకి మేం ముగ్గురం మ్యూజియంలోనే ఉన్నాం. బొమ్మలూ ఉన్నాయి. కానీ కదలట్లేదు.

కౌంటర్లో ఉన్నావిడని అడిగితే నెమ్మదిగా చెప్పింది. ఆ బొమ్మల్ని ప్రతి నెలా మొదటి ఆదివారం మాత్రమే ఆడిస్తారట. రెండు గంటలకి, మూడింటికి, నాలుగింటికి. "రేపే మొదటి ఆదివారం, రేపు రండి" అంది. రేపు పొద్దున్నే మేం యుంగ్‌ఫ్రావ్‌యొక్ వెళ్లాలి. మంచు కొండ టికెట్లు ఏజెంటే కొన్నాడు, డబ్బు కట్టేసి రెండు నెలలైంది.

ఈ బొమ్మల గురించి మొదటిసారి చదివి పదేళ్లయింది. స్విట్జర్లాండ్ అనుకున్నప్పుడు మా వారు మంచు అన్నారు, మా పన్నెండేళ్ల అమ్మాయి చాక్లెట్ అంది, నేను న్యూషాటెల్ అన్నాను. ఏజెంట్‌ని నేను అడిగింది ఈ ఒక్కటే. అక్కడి నుంచే ఫోన్ చేశాను. "బొమ్మల్ని చూశారు కదా మేడం, అవి మ్యూజియంలోనే ఉన్నాయి కదా" అన్నాడు. ఆడటం చూడాలని మూడు మెయిల్స్‌లో రాశానని గుర్తు చేశాను. ఆదివారం ప్రోగ్రామ్ మానుకుంటే పైసా వెనక్కి రాదన్నాడు. ముగ్గురికీ కలిపి 430 ఫ్రాంకులు.

"మీరిద్దరూ కొండకి వెళ్లండి, నేను ఇక్కడ ఉండిపోతాను" అన్నాను. "విడివిడిగా తిరగడానికా ఇంత దూరం వచ్చింది?" అన్నారు మా వారు. ముగ్గురం ఉండిపోయాం. ఆ సాయంత్రమంతా ఆయన సరస్సు గట్టు మీద మాకు పది అడుగులు ముందు నడిచారు, ఒక్క మాట మాట్లాడలేదు. మంచు చూడాలన్న కోరిక ఆయనకి ఎంత ఉందో నాకు తెలుసు. అందుకే కోపం నాకు ఆయన మీద కాదు, ఆ ఏజెంట్ మీదే వచ్చింది. మ్యూజియం వెబ్‌సైట్ ఒక్కసారి తెరిచి చూస్తే తెలిసే విషయం అది.

ఇక హోటల్ సంగతి. స్టేషన్‌కి దగ్గరని తీసుకున్నాం. మొదటి రాత్రి 172 ఫ్రాంకులు, గది బాగానే ఉంది. ఇంకో రాత్రి కావాలని అడిగితే రిసెప్షన్లో ఉన్న అబ్బాయి అదే గది ఖాళీ లేదని, పై అంతస్తులో పెద్ద గది ఉందని, 245 అవుతుందని చెప్పాడు. వేరే చోటు వెతికే ఓపిక లేక ఒప్పుకున్నాం. లిఫ్ట్ పనిచేయట్లేదు. రెండు పెట్టెలూ మూడు అంతస్తులు మేమే మోసుకెళ్లాం. పెద్ద గది అన్నది మొదటి గది కంటే అంగుళం కూడా పెద్దది కాదు. అమ్మాయికి వేసిన మడత మంచంలో స్ప్రింగు బయటికి వచ్చి నడుముకి గుచ్చుకుంటోంది. అమ్మాయి మా ఇద్దరి మధ్య ఇరుక్కుని పడుకుంది. పొద్దున్న కిందికి దిగుతుంటే మేం ఖాళీ చేసిన గది తలుపు తెరిచి ఉంది. రాత్రి అందులో ఎవరూ పడుకోలేదు. పక్క మీద దుప్పటి మడత కూడా విప్పలేదు.

బిల్లులో ఇంకోటి. బుకింగ్ మెయిల్లో టిఫిన్ కలిపే అని ఉంది. బిల్లులో మాత్రం మనిషికి 19 చొప్పున విడిగా వేశారు. మెయిల్ మూడుసార్లు చూపిస్తే గానీ తీసేయలేదు. అసలు పెద్ద నష్టం ఏంటంటే, న్యూషాటెల్‌లో ఒక రాత్రి హోటల్లో ఉన్నవాళ్లకి టూరిస్ట్ కార్డు ఇస్తారు. దాంతో ఆ కాంటన్‌లో (అంటే అక్కడి రాష్ట్రంలో) రైళ్లు, బస్సులు, మ్యూజియాలు ఉచితం. మాకు ఎవరూ చెప్పలేదు. ఈ సంగతి మాకు ఆదివారం సాయంత్రం పక్క బల్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన చెబితే తెలిసింది. వెళ్లి అడిగితే "మీరు అడగలేదు కదా" అన్నారు. అప్పటికే రైలు టికెట్లకీ మ్యూజియాలకీ కలిపి 104 ఫ్రాంకులు పోయాయి. మీరు వెళ్తే గది తాళం తీసుకునేటప్పుడే కార్డు అడగండి. ఇచ్చేదాకా కౌంటర్ దగ్గర నుంచి కదలకండి.

శనివారం పొద్దున మాత్రం హాయిగా గడిచింది. లా షో-ద-ఫాన్ వెళ్లి అక్కడి గడియారాల మ్యూజియం చూశాం. వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఊరు, రైల్లో అరగంట ప్రయాణం. మధ్యలో షాంబ్రెలియన్ అనే స్టేషన్లో రైలు ఆగి వెనక్కి నడుస్తుంది. వెనక్కి తీసుకుపోతున్నారని మా అమ్మాయి కంగారుపడింది. కొండ ఎక్కడానికి అక్కడ దిశ మార్చుకుంటుంది, అంతే. నేలలోపల కట్టిన ఆ మ్యూజియానికి రెండు గంటలు సరిపోతాయి. నేను చూడాలనుకున్న బొమ్మలు చేసిన పియర్ జాకె-ద్రో 1721లో పుట్టింది ఆ ఊళ్లోనే.

ఆదివారం దుకాణాలన్నీ మూసేస్తారు. ముందు రోజే ఏమైనా కొని పెట్టుకోండి. మేం పెట్టుకోలేదు. స్టేషన్ బేకరీలో 'తాయోల్' అని ఒక రొట్టె దొరికింది. పైన కత్తెరతో కోసిన గాట్లు, లోపల ఎండుద్రాక్ష, చేత్తో తుంచితే పొరలు పొరలుగా వస్తుంది. 7 ఫ్రాంకుల 50. ముగ్గురం సరస్సు ఎదురుగా బెంచీ మీద కూర్చుని మొత్తం తినేశాం. మా వారు మాట్లాడటం మొదలుపెట్టింది అక్కడే. "ఇంకోటి తెచ్చుకుందామా?" అన్నారు. ఆ ట్రిప్ మొత్తంలో నాకు గుర్తుండిపోయిన తిండి అదే.

రెండింటి ఆటకి ఒంటిగంటన్నరకే వెళ్లాం. అలాగే వెళ్లండి, ఎందుకంటే హాలు చిన్నది. మేం ముందు వరసలో కూర్చున్నాం. వెనక కూర్చున్నవాళ్లకి చేతి కదలిక కనిపించదు, చూడాల్సిందేమో ఆ చెయ్యే. వివరించే ఆయన ఫ్రెంచ్‌లో మాట్లాడాడు. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, దానివల్ల లోటేమీ అనిపించలేదు.

మొత్తం మూడు బొమ్మలు. రాసే కుర్రాడు, బొమ్మలు గీసే కుర్రాడు, వాయించే అమ్మాయి. పియర్ జాకె-ద్రో, ఆయన కొడుకు ఆన్రీ-లూయీ, వాళ్ల దగ్గరే పెరిగిన జాన్-ఫ్రెడెరిక్ లెషో కలిసి 1768 నుంచి 1774 మధ్య చేశారు. 1774లో జనానికి చూపించారు, మరుసటి ఏడాది పారిస్ తీసుకెళ్లారు. తర్వాత ఎన్నో చేతులు మారి, ఎన్నో దేశాలు తిరిగి, 1906లో 75,000 బంగారు ఫ్రాంకులు పోస్తే గానీ సొంత ప్రాంతానికి తిరిగి రాలేదు.

మొదట గీసే కుర్రాడు. నాలుగు బొమ్మలు గీయగలడు. పదిహేనో లూయీ ముఖం, ఒక రాజదంపతుల జంట, సీతాకోకచిలుక లాక్కెళ్లే బండి మీద మన్మథుడు, ఒక కుక్కపిల్ల. ఆ రోజు కుక్కపిల్ల వంతు. గీతలు గీస్తూ గీస్తూ మధ్యలో ఆగి, వంగి, కాగితం మీది పొడిని ఉఫ్‌మని ఊదాడు. లోపల తిత్తి ఉంది. మా వారు నవ్వారు. పైకి వినపడేలా నవ్వారు. ముందు రోజు సాయంత్రం నుంచీ నేను పడిన టెన్షన్ అక్కడ పోయింది. చివరికి బొమ్మ కింద "మొన్ టుటు" అని రాశాడు. నా కుక్కపిల్ల అని.

వాయించే అమ్మాయి దగ్గర నేను మోసం ఉందేమో అనుకున్నాను. పాట లోపలి పెట్టెలోంచి వస్తుందనీ, వేళ్లు ఊరికే ఆడతాయనీ. కాదు. ముందున్నది నిజమైన ఆర్గన్. వేలు మెట్టు నొక్కితేనే స్వరం వస్తుంది. ఐదు పాటలు వచ్చు ఆమెకి. పాట మొదలవకముందే గుండెలు పైకీ కిందికీ ఊపిరి తీసుకుంటున్నట్టు కదులుతాయి. కళ్లు వేళ్ల వెంట పోతాయి. అయిపోయాక తల వంచి నమస్కారం పెడుతుంది. హాల్లో ఉన్నవాళ్లందరూ చప్పట్లు కొట్టాం, ఆమెకే.

ఇక రాసే కుర్రాడు. చిన్న స్టూలు మీద, కాళ్లకి చెప్పులు లేకుండా, ఈక కలం పట్టుకుని కూర్చుంటాడు. వివరించే ఆయన మీట కదిపాడు. కుర్రాడు చెయ్యి చాపి కలాన్ని సిరాలో ముంచాడు. రెండుసార్లు విదిలించాడు, కాగితం మీద మరక పడకుండా. అప్పుడు రాయడం మొదలుపెట్టాడు. రాస్తున్న అక్షరం మీదే కళ్లు. ఒక పదం అయ్యాక జాగా వదిలాడు, వరస అయ్యాక కిందికి దిగాడు. చెయ్యి వణకదు, తొందరపడదు. చిన్నప్పుడు కాపీ పుస్తకం రాసే పిల్లల ముఖంలో ఉండే శ్రద్ధ ఆ చెక్క ముఖంలో ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. నా కళ్లు తడిశాయి.

తర్వాత ఆయన కుర్రాడి వీపు తెరిచాడు. లోపల ఒకదాని మీద ఒకటి పేర్చిన చక్రాలు. వాటి అంచులు గట్టులు గట్టులుగా కోసి ఉన్నాయి. ఒక్కో అక్షరానికి మూడు అంచులు: ఒకటి చేతిని అటూ ఇటూ నడిపిస్తుంది, ఒకటి ముందుకీ వెనక్కీ, మూడోది కలాన్ని కాగితం మీద ఎంత నొక్కాలో చెప్తుంది. అక్షరం మారాలంటే చక్రాల దొంతర మొత్తం పైకో కిందికో జరుగుతుంది. ఏ అక్షరం తర్వాత ఏది రావాలో చెప్పేది వేరే చక్రం, దాని అంచున 40 బిళ్లలు. బిళ్లలు మారిస్తే వేరే మాట రాస్తాడు. 40 అక్షరాల లోపు ఏదైనా సరే. దాదాపు 6,000 భాగాలు, అంతా ఆ పసివాడి ఒంట్లోనే. బల్ల కింద ఏమీ లేదు.

"మోటారు ఎక్కడమ్మా?" అని అడిగింది మా అమ్మాయి. లేదు, కీ ఇస్తే చుట్టుకునే స్ప్రింగు ఒక్కటే అన్నాను. అది సీటు చివరికి జరిగి కూర్చుంది.

ఆ వీపు దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఆ కాలంలో జనం విరగబడి చూసిన యంత్రాల్లో మోసాలు చాలా ఉన్నాయి. 1739లో ఫ్రాన్స్‌లో వోకాన్సన్ చూపించిన మరబాతు గింజలు తిని అరిగించుకుంటుందన్నారు. వెనక నుంచి వచ్చేది ముందే లోపల పెట్టి ఉంచిన ముద్ద. 1770లో కెంపెలెన్ చేసిన చదరంగం ఆడే తుర్కు బొమ్మకి తలుపులు తెరిచి పళ్లచక్రాలు చూపించేవారు, లోపల ఒక మనిషి దాక్కుని ఆడేవాడు. ఈ కుర్రాడి వీపులో ఏ మనిషీ లేడు. చేసేదంతా నిజంగా తనే చేస్తాడు, ఎలా చేస్తాడో మొత్తం తెరిచి చూపిస్తారు. ఏజెంట్ మా దగ్గర దాచిన సంగతి మనసులో పెట్టుకుని కూర్చున్న నాకు, అలా తెరిచి ఉన్న ఆ వీపుని చూస్తే చెప్పలేనంత హాయి కలిగింది.

మూడింటి ఆట కూడా చూద్దామని మా వారే అన్నారు. చూశాం.

సోమవారం బెర్న్‌లో దిగాం. అక్కడి జిట్‌గ్లోగె గడియారం గోపురం చూడటానికి డబ్బు అక్కర్లేదు, వీధిలో నిలబడితే చాలు. తూర్పు వైపు నిలబడండి. గంట కొట్టడానికి నాలుగు నిమిషాల ముందు కోడి కూస్తుంది, విదూషకుడు చిన్న గంటలు మోగిస్తాడు, ఎలుగుబంట్లు వరసగా తిరుగుతాయి. కాస్పర్ బ్రూనర్ 1530లో చేసిన యంత్రం ఇంకా నడుస్తోంది. సరిగ్గా గంటకి ఐదు నిమిషాల ముందు చేరుకుంటే మంచి చోటు దొరకదు, పావుగంట ముందు వెళ్లండి. మా అమ్మాయికి ఎలుగుబంట్లు నచ్చాయి. కానీ ముందు రోజు చూసిన కుర్రాడి తర్వాత అవి చాలా దూరంగా, చాలా పైన ఉన్నట్టు అనిపించాయంది. నాకూ అలాగే అనిపించింది.

న్యూషాటెల్‌కి ఏజెంట్ అవసరం లేదు. నెలలో మొదటి ఆదివారం ఎప్పుడో చూసుకుని, ఆటల వేళలు మ్యూజియం వాళ్ల దగ్గరే సరిచూసుకుని, ఆ తర్వాతే విమానం టికెట్ కొనండి. మిగతా ఊళ్లన్నీ ఆ రోజుకి అటూ ఇటూ సర్దుకోండి. మంచు కొండ ఏ వారమైనా ఉంటుంది. ఈ మాట మా వారు ఒప్పుకోరు, ఆయన కోసం యుంగ్‌ఫ్రావ్‌కి మళ్లీ డబ్బు దాస్తున్నాను.

బెర్న్ నుంచి రైల్లో మా అమ్మాయి టికెట్ వెనక పెన్సిల్‌తో ఏదో లెక్క వేస్తోంది. ఏంటని చూస్తే, మా ముగ్గురి పేర్లూ ఇంగ్లిష్‌లో రాసి అక్షరాలు లెక్కపెట్టింది. 26. "మధ్యలో ఖాళీలు కలిపినా నలభై దాటట్లేదమ్మా, బిళ్లలు మారిస్తే రాసేస్తాడు" అంది.