ఇంట్లో గుట్టు బడా, ఫోన్‌లో క్లాసా?

అఫ్గానిస్తాన్‌లో ఆడపిల్ల చదువు ఆరో తరగతితో సరి. 2022 మార్చి 23న తాలిబన్లు హైస్కూళ్లు తెరిచి, వచ్చిన పిల్లల్ని ఆ రోజే వెనక్కి పంపేశారు. డిసెంబరులో యూనివర్సిటీల తలుపులూ మూశారు. ఇక మిగిలినవి రెండు దొంగదారులు.

ఒకటి, ఏ టీచరమ్మ ఇంట్లోనో గుట్టుగా నడిచే బడి. నేల మీదే కూర్చోవాలి, ఒక పుస్తకాన్ని నలుగురు చూసుకోవాలి. తలుపు చప్పుడైతే చాలు, టెన్షన్. దొరికితే ముప్పు టీచరుకే ముందు. అయినా లెక్క తప్పితే పక్కన కూర్చుని దిద్దే మనిషి ఉంటుంది. పిల్లకు నాలుగు గోడల మధ్య నుంచి కాస్త బయటపడ్డట్టూ ఉంటుంది.

రెండోది ఆన్‌లైన్. యూనివర్సిటీ ఆఫ్ ద పీపుల్ లాంటివి అఫ్గాన్ అమ్మాయిలకు డిగ్రీ చదువు చెబుతున్నాయి. పట్టా చేతికొస్తుంది, గుట్టు బడి ఇవ్వలేనిది అదే. కానీ కరెంటుండాలి, డేటాకు డబ్బులుండాలి. ఇంట్లో ఒక్కటే ఫోనైతే అది అన్న జేబులో ఉంటుంది! 2025 సెప్టెంబరు చివర్లో దేశమంతా రెండు రోజులు ఇంటర్నెట్ ఆపేస్తే, అప్పుడు ఈ దారీ మూసుకుపోయింది.

నన్నడిగితే హైస్కూలు వయసుకు ఇంటి బడి, ఆపైన ఆన్‌లైన్. నర్సింగ్, మంత్రసాని శిక్షణకు మాత్రం రెండూ చాలవు. 2024 డిసెంబరులో ఆ కోర్సులూ ఆపించారు. కాన్పు చేయడం ఫోన్‌లో చూసి ఎలా నేర్చుకుంటారు?