వెనక నిలబడ్డవాడి ఆట: అవో ఆషి మాంగా, అనిమే

జపాన్ ఫుట్‌బాల్ మాంగాల్లో, అంటే వాళ్ళ బొమ్మల కథల పుస్తకాల్లో, పేరు మోసినవి ఎక్కువగా గోల్ చుట్టూనే తిరుగుతాయి. 1981లో మొదలైన కెప్టెన్ త్సుబాసాలో కొట్టిన బంతి వలని చింపేస్తుంది. ఇప్పుడు మా తొమ్మిదో తరగతి పిల్లలు విడవకుండా చూస్తున్న బ్లూ లాక్‌లో అయితే మూడు వందల మంది స్ట్రైకర్లని ఒకచోట బంధించి మరీ స్వార్థం నూరిపోస్తారు. అవో ఆషి ఈ దారిలో కొంతదూరం నడిచి, సరిగ్గా మనం హీరో కొట్టే గోల్స్‌కి అలవాటు పడ్డాక, వాడిని ఫార్వర్డ్ లైన్లోంచి తీసేసి డిఫెన్స్‌లో నిలబెడుతుంది. నాకు ఈ సిరీస్ నచ్చడానికి అసలు కారణం అదే.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. జట్టు పేర్లు రాసేటప్పుడు నాకు ఎదురయ్యే మొదటి గొడవ ఎప్పుడూ ఒకటే: "సార్, నన్ను బ్యాక్‌లో పెట్టకండి సార్, ఫార్వర్డ్ ఇయ్యండి." బ్యాక్ అంటే పిల్లల దృష్టిలో ఆట రానివాడి చోటు. అందుకని కథలో ఫుకుదా అనే కోచ్ ఆ హీరో కుర్రాణ్ణి పిలిచి "ఇక నువ్వు సైడ్ బ్యాక్" అన్నప్పుడు వాడి మొహం ఎలా మాడిపోయిందో నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ మొహాన్ని నేను గ్రౌండ్‌లో ఎన్నోసార్లు చూశాను.

కథ మొదలయ్యేది ఎహిమేలో. టోక్యోకి దూరంగా, షికోకు దీవిలో ఉన్న జిల్లా అది. అవోయి ఆషితో బడి జట్టులో స్ట్రైకర్. నోటి దురుసు, చేతి దురుసు రెండూ ఉన్నాయి. మ్యాచ్ మధ్యలో ఎదుటివాడి తల మీద తలతో కొట్టి బయటికి పోతాడు, దాంతో జట్టూ ఓడుతుంది. ఆ ఆట చూసిన తత్సుయా ఫుకుదా, టోక్యో సిటీ ఎస్పెరియాన్ అనే క్లబ్ యూత్ జట్టు కోచ్, వాడిని సెలక్షన్‌కి రమ్మంటాడు. ఇంట్లో డబ్బులకి కటకట, అమ్మ ఒక్కతే ఇద్దరు కొడుకుల్ని పెంచింది. ఊరు వదిలి వెళ్ళేటప్పుడు రైల్లో ఆషితో అమ్మ రాసిన ఉత్తరం చదివే సన్నివేశం ఉంది. కళ్ళు తడవకుండా దాన్ని దాటిన మనిషి నాకింకా తగల్లేదు.

యూగో కొబయాషి దీన్ని 2015 నుంచి 2025 దాకా బిగ్ కామిక్ స్పిరిట్స్ వారపత్రికలో గీశాడు. మొత్తం 40 సంపుటాలు. షోగాకుకాన్ మాంగా అవార్డు కూడా వచ్చింది. అది పెద్దవాళ్ళు చదివే పత్రిక కాబట్టి ఇందులో మెరుపులు చిమ్మే షాట్లు, పేరు పెట్టి అరిచే కిక్కులు ఉండవు. ఉన్నదంతా బంతి ఆపడం, బంతి ఇవ్వడం, ఖాళీ ఎక్కడుందో చూడడం.

ఆ చూడడం గురించి కాస్త చెప్పాలి. ఆషితోకి పుట్టుకతో వచ్చిన వరం ఒకటుంది: మైదానంలో ఎవరెక్కడ ఉన్నారో అందరినీ ఒకేసారి చూడగలడు. ఫుకుదా వాణ్ణి వెనక్కి పంపింది అందుకే. ముందు నిలబడ్డ స్ట్రైకర్‌కి ఆట చాలావరకు వీపు వెనక జరుగుతుంది. ఫుల్ బ్యాక్‌కి (సైడ్ బ్యాక్ అన్నా అదే) మైదానం మొత్తం కళ్ళ ముందు పరుచుకుని ఉంటుంది. కానీ వరం ఉన్నంత మాత్రాన సరిపోదు. చిన్నప్పటి నుంచి క్లబ్‌లో పెరిగిన కురోదా, అసారి లాంటి వాళ్ళ పక్కన వీడి ఫస్ట్ టచ్, అంటే వచ్చిన బంతిని మొదట ఆపే తీరు, చూస్తే నవ్వొస్తుంది. పాస్ కాలికి తగిలి రెండు గజాలు ఎగిరిపోతుంది. వాళ్ళు వీడికి బంతి ఇవ్వడమే మానేస్తారు. కొట్టడం, తిట్టడం కన్నా అది ఎంత గట్టి అవమానమో ఆడినవాళ్ళకి తెలుసు.

అక్కడి నుంచి వాడు బయటపడే తీరే ఈ కథకి గుండె. కురిబయాషి అనే సీనియర్ ఉంటాడు, అందరూ మెచ్చే ఆటగాడు. వాడి ఆట చూస్తూ చూస్తూ ఆషితో ఒకటి పట్టుకుంటాడు: బంతి తన దగ్గరికి రాకముందే కురిబయాషి మెడ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. బంతి వచ్చాక చూసేవాడికి బంతే కనిపిస్తుంది. రాకముందు చూసినవాడికి మనుషులు కనిపిస్తారు. ఇంతే సంగతి. కానీ దీన్ని కథగా చెప్పి, చదివేవాడిని కుర్చీ అంచుకి లాగడం మామూలు పని కాదు. నేను ఇది చదివాక మా పిల్లలతో ఒక ఆట మొదలుపెట్టాను. పాస్ వస్తుండగా నేను వాళ్ళ వెనక నిలబడి వేళ్ళు చూపిస్తాను, బంతి అందుకునేలోపు ఎన్నో అరవాలి. మొదట్లో అందరూ "మూడు" అనే అరిచేవాళ్ళు, చూడకుండానే. ఇప్పుడు నిజంగానే తిరిగి చూస్తున్నారు, కొందరు.

ఇంకో మంచి సంగతి: ఫుకుదా ఏదీ విప్పి చెప్పడు. ఎందుకు అలా ఆడావో నీ నోటితో నువ్వే చెప్పమంటాడు. ముగ్గురు కలిసి త్రికోణంగా నిలబడితే పాస్‌కి ఎప్పుడూ రెండు దారులుంటాయన్న చిన్న విషయం కూడా ఆషితో ఆలోచించి, తడబడి, మాటల్లో పెట్టి తెలుసుకుంటాడు. ముందుకెళ్ళే కొద్దీ మైదానాన్ని నిలువుగా ఐదు పట్టీలుగా చూసే లెక్క దాకా వెళ్తుంది. కొన్నిచోట్ల మరీ పాఠంలా ఉంటుందని ఒప్పుకోవాలి. పది పేజీలు ఒక్క పాస్ మీదే గడుస్తాయి. నాకు ఇబ్బంది లేదు, నా ఉద్యోగమే అది. మీకు ఉండొచ్చు.

జపాన్ ఫుట్‌బాల్ ఎలా నడుస్తుందో కూడా ఇందులో బాగా తెలుస్తుంది. 1993లో అక్కడి ప్రొఫెషనల్ పోటీ జె లీగ్ మొదలైనప్పటి నుంచి అక్కడ కుర్రాళ్ళకి రెండు దారులు: ఒకటి క్లబ్ యూత్ జట్టు, రెండోది హైస్కూల్ జట్టు. క్లబ్‌లో చిన్న వయసు జట్టు నుంచి పై మెట్టుకి తీసుకోని పిల్లలు హైస్కూల్‌కి వెళ్ళిపోతారు. అలా వెళ్ళినవాళ్ళలో తర్వాత జపాన్ జట్టుకి ఆడిన షున్సుకే నకమురా, కెయ్‌సుకే హోండా లాంటి వాళ్ళున్నారు. మాంగాలో హైస్కూల్ జట్లకి క్లబ్ పిల్లల మీద ఉండే కసి ఊరికే పుట్టింది కాదు. మన దగ్గర, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన జట్టుకి కోచ్ అయిన రహీం సాబ్ పుట్టి పెరిగిన హైదరాబాద్ నేల మీద, మా స్కూల్ పిల్లలకి ఈ రెండు దారుల్లో ఒక్కటైనా చూపించగలిగితే బాగుండేది. సరే, అది వేరే గోల.

ఇక అనిమే, అంటే ఆ కథనే కదిలే బొమ్మలుగా తీసిన సిరీస్. ప్రొడక్షన్ ఐజీ వాళ్ళు తీశారు, 2022 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఎన్‌హెచ్‌కే విద్యా చానల్లో 24 ఎపిసోడ్లు వచ్చాయి. (అది అయిపోయిన రెండు నెలలకే జపాన్ ప్రపంచ కప్‌లో జర్మనీని, స్పెయిన్‌ని ఓడించింది.) వాలీబాల్ అనిమే హైక్యూ తీసిన స్టూడియో కదా అని పెద్ద ఆశలతో కూర్చుంటే కొంచెం నిరాశ తప్పదు. దగ్గరి షాట్లలో, అంటే కాలు బంతిని ఆపే క్షణంలో, మెడ తిరిగే క్షణంలో, బాగా తీశారు. పాస్ శబ్దం, కాలికి మెత్తగా తగిలితే ఒకలా, గట్టిగా తగిలితే ఒకలా వినిపిస్తుంది. దూరపు షాట్లలో మాత్రం ఆటగాళ్ళు ముఖాలు లేని కంప్యూటర్ బొమ్మలైపోయి తేలుతుంటారు. ఈ కథకి అది పెద్ద దెబ్బే, ఎందుకంటే దూరం నుంచి మొత్తం మైదానం కనిపించే బొమ్మలోనే ఇక్కడ ఉత్కంఠ ఉంది.

పుస్తకంలో కొబయాషి అలాంటి చోట రెండు పేజీలూ కలిపి గీస్తాడు. ఇరవై మంది ఎటు కదులుతున్నారో, ఆషితో కన్ను ఎక్కడ ఆగిందో, మనం ఎంతసేపైనా ఆగి చూడొచ్చు. తెర మీద ఆ బొమ్మ నాలుగు సెకన్లలో పోతుంది. నేనైతే పాజ్ నొక్కి మరీ చూశాను. ఈ ఒక్క విషయంలో మాంగా వైపే నా ఓటు.

లోపాలు ఇంకా ఉన్నాయి. మొదటి సంపుటాల్లో కామెడీ మోటుగా ఉంటుంది, ఊరికే అరుపులు. ఫుకుదా చెల్లెలు హనా మంచి పాత్రే, ఆషితోకి తిండి పెట్టడంలో, వాణ్ణి నిలదీయడంలో. కానీ హనా, అన్రి అనే ఇంకో అమ్మాయి, ఇద్దర్నీ వాడి చుట్టూ తిప్పే ప్రేమ గొడవ ఎక్కడికీ వెళ్ళదు. దానికి బదులు అకుత్సు మీద ఇంకా పేజీలు పెట్టి ఉండాల్సింది. జట్టులో ఉండి ఆషితోని కాలరాసే ఆ సీనియర్ ఇంటి కథ బయటికి వచ్చాక వాడి మీద కోపం అలాగే ఉంటుంది, కాకపోతే దాని పక్కన ఇంకేదో చేరుతుంది.

ఆ 24 ఎపిసోడ్ల అనిమే కథని మధ్యలోనే వదిలేస్తుంది. మాంగా ఆ తర్వాత స్పెయిన్ దాకా, బార్సిలోనా కుర్రాళ్ళ ఎదుటికి వెళ్తుంది. అనిమే చూసి మాంగాకి వచ్చేవాళ్ళు ఆగిన చోటు నుంచి మొదలుపెట్టకండి, మొదటి సంపుటం నుంచే చదవండి. చూసేసిన మ్యాచ్‌లు పేజీ మీద వేరేగా కనిపిస్తాయి. ఫుట్‌బాల్ అసలు తెలియనివాళ్ళకి మాత్రం అనిమేనే ముందు ఇస్తాను. సెలక్షన్ మ్యాచ్ అయ్యేదాకా ఓపిక పట్టండి. ఎస్పెరియాన్ యూత్ సీనియర్లతో ఆడే ఆ మ్యాచ్‌లో ఆషితో, వాడితోపాటు సెలక్షన్‌కి వచ్చిన తచిబానా, ఓతోమో ముగ్గురూ కలిసి ఆడే తీరు చూశాక కూడా నచ్చకపోతే వదిలేయండి, ఇది మీకు పడదు. పిల్లలకి పన్నెండేళ్ళు దాటాక చూపించొచ్చు. మా స్కూల్లో ఏడో తరగతి వాడొకడు మొత్తం చూసేసి, పోయిన వారం జట్టు రాస్తుంటే వచ్చి ఫుల్ బ్యాక్ కావాలన్నాడు. వాడు కుడి కాలివాడు, నాకు కావాల్సింది ఎడమ వైపు. ఆలోచిస్తున్నాను.