దెబ్బలు తిన్న రేవు కూలీ: మేజిస్ట్రేటా, సెషన్స్ కోర్టా?

18వ శతాబ్దపు లండన్. వాపింగ్ రేవులో బొగ్గు దింపే కూలీని ఎవరో చితకబాదారనుకోండి. సర్కారు ప్లీడరంటూ ఎవరూ రారు. దెబ్బలు తిన్నవాడే కేసు నడపాలి, ఖర్చూ వాడిదే.

మేజిస్ట్రేట్ దగ్గరికెళ్తే పని చవక. వారంట్‌కు గుమాస్తా ఫీజు కడితే చాలు. క్షమాపణ, కాస్త డబ్బుతో రాజీ కుదిర్చేవాడు. లేదంటే ఇక గొడవ చెయ్యనని పూచీకత్తు రాయించుకునేవాడు.

క్వార్టర్ సెషన్స్ (జ్యూరీతో విచారణ జరిపే పై కోర్టు) అసలు టెన్షన్. అభియోగపత్రం రాయించాలి, కూలి మానుకుని సాక్షుల్ని తేవాలి, ముందు గ్రాండ్ జ్యూరీ, అంటే కేసు విచారణకు తగినదో కాదో తేల్చే పౌరుల బృందం, ఒప్పుకోవాలి. తీరా గెలిస్తే జరిమానా రాజుగారి ఖజానాకే! అదీ ఒక్కోసారి ఒక్క షిల్లింగే.

మరి ఎందుకెళ్లేవాళ్లు? బెదిరింపుకి. అభియోగం నమోదైతే అవతలివాడు బయటే పరిహారం ఇచ్చేవాడు, అది చూసి కోర్టు జరిమానా తగ్గించేది. కొట్టింది సాటి కూలీ అయితే మేజిస్ట్రేటే మేలు. కూలీలకు పనులు పంచే, డబ్బున్న సారాకొట్టు యజమాని అయితే మాత్రం సెషన్సే.