కుంకుడుకాయా, శీకాయా, షాంపూనా: బోరునీళ్ల ఊళ్లో తలకు ఏది మేలు?

హన్మకొండలో చదువుకోవడానికి వచ్చి హాస్టల్లో ఉండే ఆడపిల్లలు నలుగురు కూడితే జుట్టు మాట రాక మానదు. "ఇంటి దగ్గర ఒత్తుగా ఉండేది, ఈ బోరునీళ్లకు సగమైంది" అంటారు. వెంటనే సలహాలు మొదలవుతాయి. షాంపూ మానెయ్, కుంకుడుకాయలు వాడు, శీకాయ పొడి తెప్పించుకో అని.

ఏది వాడాలో తేల్చుకునే ముందు దువ్వెనలో చిక్కిన వెంట్రుక ఒకటి తీసి వెలుతురులో పట్టి చూడండి. ఒక కొసకు తెల్లగా చిన్న ఉబ్బు కనిపిస్తే అది కుదురు నుంచి ఊడింది. ఉబ్బు లేకుండా పొట్టిగా ఉంటే మధ్యలో తెగింది. రోజుకు 50 నుంచి 100 దాకా ఊడటం అందరికీ ఉండేదే. తెగడానికి నీళ్లు, దువ్వే తీరు, తలకు రుద్దేది కారణం కావచ్చు. కుదుళ్ల నుంచి కుప్పలుగా ఊడుతుంటే మాత్రం కారణం చాలాసార్లు ఒంట్లోనే ఉంటుంది.

ఇక కుంకుడుకాయ. దాని పెచ్చులో ఉండే సాపోనిన్ల వల్లే నురగ వస్తుంది, జిడ్డు వదులుతుంది. సబ్బు అయితే బోరునీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి తెట్టు కట్టి జుట్టును అంటుకుంటుంది. కుంకుడు రసం అలా చేయదు. మన పాతతరం ఆడవాళ్లు ఇంత పొడుగు జడలను బావినీళ్లతోనే శుభ్రంగా ఉంచుకోగలిగారంటే ఇదొక కారణం. కానీ పని ఎక్కువ. రాత్రే కాయలు దంచి, నల్ల గింజలు ఏరేసి, పెచ్చులను వేడినీళ్లలో నానెయ్యాలి. నడుము దాకా జుట్టుంటే దోసెడు కాయలైనా కావాలి. పొద్దున గట్టిగా పిసికితే చిక్కటి గోధుమరంగు రసం దిగుతుంది. దాన్ని పాత నూలుబట్టలో తప్పకుండా వడగట్టాలి. లేకపోతే పెచ్చు ముక్కలు జుట్టులో ఇరుక్కుంటాయి, దువ్వేటప్పుడు వాటి దగ్గరే వెంట్రుకలు తెగుతాయి. కళ్లలో పడితే విపరీతమైన మంట, అందుకే చిన్నపిల్లలకు నేనైతే వద్దంటాను. ఇంకో మాట, కుంకుడు జిడ్డును బాగా లాగేస్తుంది. నూనె పెట్టుకోకుండా పోసుకుంటే జుట్టు ఎండిపోయి గరుకవుతుంది. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు పోయే ప్రొటీన్‌ను కొంత కాపాడుతుంది. కాబట్టి గంట ముందు నూనె, ఆ తర్వాత కుంకుడు అన్న పద్ధతి సరైనదే. వారానికి ఒకసారి, ఇంట్లో తీరిక ఉన్నవాళ్లకు ఇది చాలా మంచిది.

శీకాయ కుంకుడుకన్నా మెత్తన. నురగ తక్కువ, జిడ్డు వదిలించే బలమూ తక్కువే. పొడిబారిన జుట్టుకు, నూనె కొద్దిగా పెట్టుకునేవాళ్లకు సరిపోతుంది. ప్యాకెట్ పొడి కన్నా కాయలు కొని, ఎండబెట్టి, మెంతులు కలిపి గిర్నీలో పట్టించుకోవడం నయం. పొడి మెత్తగా పట్టకపోతే కడిగినా మాడుకు అంటుకునే ఉంటుంది. బోరునీళ్లలో అయితే అది వదిలించుకోవడమే పెద్ద పని.

షాంపూను చాలామంది విషంలా చూస్తారు, నేను ఒప్పుకోను. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల మధ్య రోజంతా పనిచేసే మనిషికి, హెల్మెట్ పెట్టుకుని కాజీపేట నుంచి వరంగల్‌కు తిరిగే మనిషికి కుంకుళ్లు నానెయ్యమని చెబితే అయ్యే పని కాదు. చెమట, దుమ్ము మాడు మీద పేరుకోవడం కన్నా తేలికపాటి షాంపూతో రోజు విడిచి రోజు కడుక్కోవడం మేలు. చిక్కంతా వాడే తీరులో ఉంది. సాచెట్ చించి నేరుగా నడినెత్తిన పోసుకోకుండా, మగ్గులో నీళ్లు కలిపి మాడుకే రుద్దాలి. జుట్టు చివర్లకు కారే నురగ చాలు. ఆ తర్వాత చివర్లకు మాత్రం కండిషనర్. బోరునీళ్లకు గరుకెక్కే జుట్టుకు ఇది బాగా పనిచేస్తుంది, చిక్కు తీసేటప్పుడు తెలుస్తుంది.

చుండ్రు ఉంటే మాత్రం సందేహం లేకుండా షాంపూనే, అదీ మందు షాంపూ. మాడు మీది జిడ్డును తిని బతికే ఒక రకం ఫంగస్ దీని వెనుక ఉంటుంది. నూనె దట్టిస్తే దానికి తిండి పెట్టినట్టే. ఫంగస్‌ను అణిచే కీటోకొనజోల్ మందు 2 శాతం ఉన్న షాంపూ వారానికి రెండుసార్లు రుద్ది, 3 నుంచి 5 నిమిషాలు ఉంచి కడగాలి. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందికి తగ్గుతుంది.

ఏది వాడినా చివరి రెండు మగ్గులు మిషన్ భగీరథ నల్లా నీళ్లో, పట్టిపెట్టుకున్న వాననీళ్లో పోసుకోండి. ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నారన్నదాని కన్నా జుట్టు మెత్తదనంలో ఎక్కువ తేడా తెచ్చేది ఈ పనే అని నా అభిప్రాయం.

కుదుళ్ల నుంచి ఊడుతున్నవాళ్లు మాత్రం సీసాలు మార్చడం ఆపండి. వానకాలంలో డెంగీయో టైఫాయిడో వస్తే, రెండు మూడు నెలలకు, అంటే జ్వరం మరిచిపోయాక, జుట్టు గుప్పెళ్లుగా రాలుతుంది. అప్పుడు తిట్లు హాస్టల్ నీళ్లకు పడతాయి. చాలామందికి అది కొన్ని నెలల్లో తనంతట తానే తగ్గి మళ్లీ మొలుస్తుంది, టెన్షన్ పడొద్దు. తగ్గకపోతే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. నెలసరిలో రక్తం ఎక్కువ పోయే ఆడపిల్లల్లో ఐరన్ లోపం మామూలు, మెస్ తిండి సరిగా లేకపోతే అది ఇంకా పెరగొచ్చు.

తల మీద రూపాయి బిళ్లంత నున్నగా ఊడిపోతే అది పేనుకొరుకుడు కావచ్చు. దాని మీద వెల్లుల్లి రుద్ది చర్మం కాల్చుకోకుండా, వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో చర్మవ్యాధుల డాక్టర్‌కు చూపించండి.