మిస్సింగ్ పట్టుకోవడానికి చవక బ్లూటూత్ స్కానర్: చాన్నాళ్లు వాడాక నా మాట

షెడ్డుకి తీసుకెళ్తే రాదు, రోడ్డెక్కితే వస్తుంది. ఇంజిన్ మిస్సింగ్‌తో, అంటే ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోల్ అప్పుడప్పుడూ సరిగా అంటుకోకపోవడంతో, వచ్చిన చిక్కే అది. నా నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారుకి వానలు మొదలవగానే తగులుకుంది. ఏసీ వేసుకుని విజయవాడ కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే మూడో గేరులో జర్కులు. పైకెక్కాక ఏమీ జరగనట్టే. మెకానిక్ నడిపి చూసి, "బానే ఉంది కదా సార్, ప్లగ్గులు మార్చేద్దామా?" అన్నాడు. మార్చాం. మిస్సింగ్ మాత్రం పోలేదు.

అప్పుడు కొన్నదే ఈఎల్ఎం 327 అనే చిప్ రకం స్కానర్, కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే చిన్న పరికరం. వెయ్యి రూపాయల లోపే వచ్చింది. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టులో (కారు కంప్యూటర్‌కి కలిపే సాకెట్) గుచ్చి, ఫోన్‌లో కార్ స్కానర్ యాప్ తెరిస్తే చాలు.

చెక్ ఇంజిన్ లైట్ వెలగకముందే ఇందులో పెండింగ్ కోడ్ (ఇంకా ఖాయం కాని లోపం కోడ్) కనబడింది: పీ0303, అంటే మూడో సిలిండర్‌లో మిస్. క్రాంక్ (సిలిండర్లు తిప్పే ఇరుసు) తిరిగే వేగం ఏ సిలిండర్ వంతులో తగ్గుతోందో చూసి ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, లెక్క కడుతుంది. కాబట్టి మిస్ ఎక్కడో చెప్పగలదు, ఎందుకో చెప్పలేదు. "పీ0303 వచ్చింది, ఏ పార్టు కొనాలి?" అని అడిగేవాళ్లకి అందుకే నా దగ్గర జవాబు లేదు.

నాకు అసలు పనికొచ్చింది ఫ్రీజ్ ఫ్రేమ్, అంటే కోడ్ నమోదైన క్షణాన ఇంజిన్ రీడింగుల నకలు. కొన్నాళ్లకి లైట్ వెలిగినప్పుడు అందులో ఉన్నవి: ఆర్‌పీఎం 1,900 దగ్గర, లోడ్ 80 శాతం పైన, కూలెంట్ 91 డిగ్రీలు. అంటే ఇంజిన్ బాగా వేడెక్కి, బరువు లాగుతున్నప్పుడే మిస్ అవుతోంది. ఐడిల్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోల్ పాలు ఈసీయూ ఎంత పెంచి తగ్గిస్తోందో చెప్పే శాతం) మామూలుగానే ఉంది. ఎక్కడైనా గాలి లీకైతే ఐడిల్‌లో ట్రిమ్ బాగా పెరిగి, రేస్ చేస్తే తగ్గుతుంది. ఆ ఛాయలు లేవు. లోడ్ పడితే సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. అనుమానం ప్లగ్గుకి ఆ వోల్టేజి ఇచ్చే కాయిల్ మీదికి పోయింది.

మూడో కాయిల్ తీసి ఒకటో సిలిండర్‌కి, ఒకటోది మూడుకి పెట్టించాను. మళ్లీ ఫ్లైఓవర్ ఎక్కితే పీ0301. కోడ్ కాయిల్ వెంటే నడిచొచ్చింది! టార్చి వేసి చూస్తే కాయిల్‌ని ప్లగ్గుకి కలిపే రబ్బరు బూటు లోపల పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్ల గీత. కరెంటు ప్లగ్ కొసకి పోకుండా ఆ దారిన బాడీకి దిగిపోతోంది. కాయిల్ బూటుతో సహా మార్చాక మళ్లీ జర్కు లేదు.

ఇక చికాకులు. బ్లూటూత్ అప్పుడప్పుడూ తెగిపోతుంది. నాలుగైదు రీడింగులు ఒకేసారి పెడితే గ్రాఫు నత్తనడకే. క్షణంలో వచ్చిపోయే మిస్ అందులో చిక్కదు. నేను కొన్నరకం ఐఫోన్‌తో పనిచేయదు, దానికి వైఫై రకమో బీఎల్ఈ (బ్లూటూత్ లో ఎనర్జీ) రకమో చూసుకోవాలి. పెట్టె మీద వెర్షన్ 1.5 అని ఉంటే నవ్వుకోండి, అసలు చిప్ తయారీదారు ఆ వెర్షన్ ఎన్నడూ విడుదల చేయలేదు. పోర్టులో పదహారో పిన్నుకి బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, కారు రోజుల తరబడి ఆపేస్తుంటే పీకేయండి.

యాప్‌లో క్లియర్ బటన్ జోలికి తొందరపడి పోవద్దు. కోడ్‌తోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. స్క్రీన్‌షాట్ తీసుకున్నాకే నొక్కండి. లైట్ మిణుకుమిణుకుమంటుంటే మాత్రం స్కానర్ సంగతి తర్వాత, ముందు యాక్సిలరేటర్ వదలండి. కాలని పెట్రోల్ పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది, దాని ధర ముందు కాయిల్ ధర ఏపాటిది?

మొన్న మా బావమరిది కారుకి పీ0300 వచ్చింది, అన్ని సిలిండర్లలోనూ అక్కడొకటి ఇక్కడొకటి మిస్. కాయిల్ మార్చి చూసే ఆట అక్కడ కుదరదు. లోడ్‌లో ట్రిమ్ పెరగడం చూసి పెట్రోల్ సరిగా అందట్లేదని అనుకున్నాం గానీ, పంపు బలహీనపడిందని తేల్చింది మెకానిక్ పెట్టిన ఫ్యూయల్ ప్రెజర్ గేజే.