పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ లాగ్ ఆర్కైవింగ్: భరోసా ఉంది, కాపలా కూడా కావాలి

డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పునూ ముందుగా లాగ్ ఫైళ్లలో రాసి, నిండిన ప్రతి ఫైలునూ మనం చెప్పిన చోటికి తానే పంపించే సౌకర్యం పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో 8.0 వెర్షన్ నుంచీ ఉంది. ఎవరైనా పొరపాటున ఒక టేబుల్‌ను తొలగించినా, పాత బేస్ బ్యాకప్‌పై, అంటే అంతకుముందు డేటాబేస్ మొత్తానికి తీసిన నకలుపై, ఈ ఫైళ్లను వరుసగా అమలు చేసుకుంటూ వెళ్లి, ఆ పొరపాటుకు సరిగ్గా ముందున్న క్షణం వద్ద ఆపగలగడమే దీని అసలు విలువ; ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇంతటి భరోసా దొరకడం నాకు నిజంగా సంతోషం కలిగిస్తుంది.

అయితే ఆ ఫైళ్లను పంపించే ఆర్కైవ్ కమాండ్‌ను రాసుకునే బాధ్యత మనదే, చిక్కంతా అక్కడే ఉంది. కాపీ పూర్తిగా డిస్కుకు చేరకముందే ఆ కమాండ్ విజయం సూచించే సున్నాను తిరిగి ఇస్తే, సర్వర్ పని ముగిసిందనుకొని అసలు ఫైలును తీసివేయవచ్చు. కాబట్టి సాదా కాపీ కమాండ్‌ను నిజమైన పని నడిచే సర్వర్లలో వాడకూడదని నా అభిప్రాయం. కమాండ్ విఫలమైతే సర్వర్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ, సాధారణంగా 16 ఎంబీ చొప్పున ఉండే ఫైళ్లను పోగుచేస్తూ పోతుంది. డిస్కు నిండిందంటే డేటాబేసే ఆగిపోతుంది. ఈ వైఫల్యాల లెక్క పీజీ_స్టాట్_ఆర్కైవర్ అనే గణాంకాల జాబితాలో కనిపిస్తుంది కనుక, దానికి అలర్ట్ పెట్టుకోవడం తప్పనిసరి.

రద్దీ తక్కువగా ఉండే సర్వర్లలో ఒక ఫైలు నిండడానికి గంటలు పట్టవచ్చు. అందుకే, ఫైలు నిండకపోయినా ఎంతసేపటికి పంపించాలో చెప్పే ఆర్కైవ్ టైమౌట్‌ను ఒక నిమిషం దగ్గర ఉంచుతాను. పెద్ద సర్వర్లకైతే, చెక్‌సమ్‌లను (ఫైలు చెడిపోలేదని సరిచూసే సంఖ్యలను), కుదింపును, సమాంతర బదిలీని తానే చూసుకునే పీజీబ్యాక్‌రెస్ట్ వంటి బ్యాకప్ సాధనాన్ని జోడించమంటాను.